పాత వీడియో టెర్మినల్‌ను మళ్లీ వాడబోతున్నారా? ఆగిన తెర దగ్గర పాటించవలసిన జాగ్రత్తలు

పోయిన నెల మిత్రుడొకరు పాత సామాన్ల అంగట్లో దొరికిన వీటీ220 టెర్మినల్‌ను (తెర, కీబోర్డు మాత్రమే ఉండి, వేరే కంప్యూటర్‌కు కలిపి వాడే యంత్రం) బాగుచేసి, ఇంట్లోని లినక్స్ కంప్యూటర్‌కు సీరియల్ కేబుల్‌తో కలిపారు. ఒక ఫోల్డరులోని ఫైళ్లను ఒక్కొక్కటిగా అడిగి తుడిచే కమాండ్ ఇచ్చారు. నడుమ తెర ఆగిపోయింది. ఆయన ‘వై’, ఎంటర్, ‘వై’, ఎంటర్ అంటూ పది పదిహేను సార్లు నొక్కారు. కాసేపటికి ఏదో కీ తగిలి తెర కదిలేసరికి, ఉంచుకోవాలనుకున్న ఫైళ్లు కూడా పోయాయి. టెర్మినల్ చెడిపోలేదు. తనను తయారుచేసినవారు నేర్పిన పనే అది చేసింది.

దుమ్ము దులపడం, ఎర్తింగ్ చూసుకోవడం వంటివి ఎవరైనా చెబుతారు కనుక వాటి జోలికి పోవడం లేదు.

తెర ఎందుకు ఆగుతుంది

వచ్చే అక్షరాలను తెరమీద వేసేలోగా దాచుకోవడానికి ఈ యంత్రాల్లో ఉండే చోటు చాలా తక్కువ. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ 1978లో తెచ్చిన వీటీ100లో అది 64 అక్షరాలే. ఆ చోటు నిండుతూ ఉంటే టెర్మినల్ ‘ఆపు’ అంటూ ఎక్సాఫ్‌ను, ఖాళీ అయ్యాక ‘ఇక పంపు’ అంటూ ఎక్సాన్‌ను కంప్యూటర్‌కు పంపుతుంది. ఈ సంకేతాలకు విడిగా ఒక తీగ పెట్టి ఉంటే గొడవే లేకపోయేది. అవి కీబోర్డు మీది కంట్రోల్-ఎస్, కంట్రోల్-క్యూలే కావడం వల్ల, ఈమాక్స్ అనే ఎడిటర్‌లో ఒక మాట వెతకడానికి మీరు నొక్కిన కంట్రోల్-ఎస్‌కూ, టెర్మినల్ ఊపిరాడక పంపిన ఎక్సాఫ్‌కూ కంప్యూటర్‌కు తేడా తెలియదు. పైగా వీటీ100 కీబోర్డులో తెరను ఆపే ‘నో స్క్రోల్’ కీని కంట్రోల్ కీకి కిందనే పెట్టారు. ఎడమ చిటికెన వేలు కాస్త జారితే చాలు. దాన్ని అక్కడ పెట్టినవారు ఎప్పుడూ తొందరలో టైపు చేసి ఉండరు.

అసలు ప్రమాదం ఇదీ: ఎక్సాఫ్ వల్ల మూసుకునేది కంప్యూటర్ నుంచి తెరకు వచ్చే దారి మాత్రమే. కీబోర్డు నుంచి కంప్యూటర్‌కు వెళ్లే దారి తెరిచే ఉంటుంది. ఆగిన తెర ముందు నొక్కిన ప్రతి కీ అవతల వరుసలో చేరి, మీరు చూడని ప్రశ్నకు జవాబుగా పడుతుంది. తెర ఆగితే చేతులు కీబోర్డు మీంచి తీయండి.

ఆగినప్పుడు

వీటీ220 అయితే కీబోర్డు మీద ‘హోల్డ్ స్క్రీన్’ దీపం వెలుగుతోందేమో ముందు చూడండి. వెలుగుతుంటే ఎఫ్1 ఒక్కసారి నొక్కండి. లేకపోతే కంట్రోల్-క్యూ, అదీ ఒక్కసారే. కదలకపోతే మరో చోటి నుంచి లాగిన్ అయి ఏం నడుస్తోందో చూడండి. ఎంటర్ నొక్కి పరీక్షించవద్దు. ఎంటర్ కూడా ఒక జవాబే.

టెర్మినల్ స్విచ్ కట్టేయడం అంతకంటే పెద్ద తప్పు. పాత సన్ స్పార్క్ సర్వర్లకు కన్సోల్‌గా, అంటే సర్వర్‌ను నడిపే ముఖ్య తెరగా కలిపిన టెర్మినల్‌ను ఆపితే, ఆ కుదుపును సర్వర్ బ్రేక్ సంకేతంగా తీసుకుని, నడుస్తున్న సిస్టమ్ మొత్తాన్ని నిలిపి, తర్వాతి ఆజ్ఞ కోసం ‘ఓకే’ అని చూపి కూర్చునేది. ‘గో’ అని కొడితే మళ్లీ నడిచేది కానీ, అది తెలియక రీబూట్ చేసినవారే ఎక్కువ.

ఎక్సాన్-ఎక్సాఫ్‌ను కంప్యూటర్ వైపు తీసేస్తే పీడ పోతుందనుకోవద్దు. అప్పుడు టెర్మినల్ ‘ఆపు’ అన్నా వినేవారుండరు, అక్షరాలు రాలిపోతాయి. దానికి బదులు టెర్మినల్ సెటప్‌లోకి వెళ్లి, వరుసలు మెల్లగా జారే స్మూత్ స్క్రోల్ తీసి, ఒక్కసారిగా ఎగిరే జంప్ స్క్రోల్ పెట్టండి. సీరియల్ లైన్ వేగం సెకనుకు 19,200 బిట్ల నుంచి 9,600కు, రెండు వైపులా దించండి.

టెర్మినల్ ఏ రకమో ప్రోగ్రాములకు చెప్పే ‘టర్మ్’ అనే సెట్టింగు విలువ మీ మోడల్ పేరే అయి ఉండాలి. ‘వీటీ100 లాంటిదే’ అన్న అమ్మకందారు మాట నమ్మవద్దు.

టెలివీడియో 925 అనే మరో టెర్మినల్‌లో అక్షరాలను హైలైట్ చేస్తే ఆ గుర్తు తెరమీద ఒక గడిని మింగుతుంది. వరుసలు ఒక గడి జరిగినట్టు కనిపిస్తే డేటాను దిద్దబోవద్దు.

హేజెల్‌టైన్ 1500 టెర్మినల్ టిల్డా (~) గుర్తును తన ఆజ్ఞలకు ముందుమాటగా వాడుకుంటుంది కాబట్టి ఆ గుర్తు తెరమీద ఉన్నది ఉన్నట్టు కనబడదు. ఈమాక్స్ బ్యాకప్ ఫైళ్ల పేర్లు ఆ గుర్తుతోనే ముగుస్తాయి. ఆ తెర మీద పేరు చూసి ఏ ఫైలునూ తుడవవద్దు.

వీటీ220లో ఎస్కేప్ కీ లేదు. వీటీ100 మోడ్‌లో ఎఫ్11 ఆ పని చేస్తుంది, వీటీ200 మోడ్‌లో చేయదు. ఎస్కేప్ తరచూ కావలసిన వీఐ ఎడిటర్ వాడేవారు కంట్రోల్‌తో పాటు ఎడమ చదరపు బ్రాకెట్ నొక్కడం ముందే అలవాటు చేసుకోండి. ఎస్కేప్ కోసం తడుముకుంటూ కనబడిన కీలన్నీ నొక్కవద్దు.

మళ్లీ చెబుతున్నాను: ఆగిన తెర ముందు ఏదీ టైపు చేయవద్దు. పాస్‌వర్డ్ కూడా.

టెర్మినల్ ఆన్‌లో ఉండగా వీటీ100 కీబోర్డు ప్లగ్గు పీకవద్దు, పెట్టవద్దు.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పిన్నులకు టెర్మినల్‌ను నేరుగా కలపవద్దు. అవి 3.3 వోల్టులవి, సీరియల్ లైన్ మీద అటూ ఇటూ 12 వోల్టుల దాకా వస్తుంది. మధ్యలో వోల్టేజిని మార్చే మాక్స్3232 చిప్ పెట్టండి.

అమెరికా నుంచి వచ్చిన టెర్మినల్ అయితే వెనుక వోల్టేజి 115 దగ్గర ఉందేమో చూడకుండా మన 230 వోల్టుల సాకెట్లో పెట్టవద్దు.

పెట్టె విప్పవద్దు. పిక్చర్ ట్యూబు పక్కనున్న రబ్బరు టోపీ కింద, ప్లగ్గు తీసిన తర్వాత కూడా వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు. పాత టీవీలు బాగుచేసిన చేతులకే ఆ పని అప్పగించండి.