వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు: మామూలు సీఎస్‌ఈనా, ఏఐ–ఎంఎల్లా?

తెలంగాణలో ఇంజినీరింగ్ సీట్లిచ్చే ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు (కావాల్సిన కాలేజీ, బ్రాంచిల వరుస) పెట్టేటప్పుడు ఈ బ్రాంచి కోడ్‌లకు ఒక్క అక్షరమే తేడా. సీఎస్‌ఈ అంటే మామూలు కంప్యూటర్ సైన్స్, సీఎస్‌ఎం ఏఐ–ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్), సీఎస్‌డీ డేటా సైన్స్, సీఎస్‌సీ సైబర్ సెక్యూరిటీ. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో నెట్ సెంటర్‌లో ఆప్షన్లు ఎక్కిస్తే, ఫ్రీజ్ (ఆప్షన్లను ఖరారు చేసే బటన్) కొట్టకముందే ప్రింట్ తీసి ఒక్కో కోడ్ సరిచూసుకోండి.

• మీరు పెట్టాలనుకునే బ్రాంచి రెండు, మూడో సంవత్సరాల సిలబస్ తెరవండి. ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్, నెట్‌వర్క్స్, కంపైలర్ డిజైన్, ఆటోమాటా తప్పనిసరి పేపర్లేనా, ఎలెక్టివ్‌లోకి (ఇష్టముంటే ఎంచుకునే పేపర్లలోకి) నెట్టేశారా? ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్ష సీఎస్ పేపర్లో ఈ ఐదూ ఉన్నాయి. ఎలెక్టివ్‌లోకి పోయినవాటిని తర్వాత సొంతంగా చదువుకోవాల్సిందే. అందుకే ఎటూ తేల్చుకోలేనివాళ్లకు సీఎస్‌ఈయే మేలు. ఎంఎల్ తర్వాతైనా నేర్చుకోవచ్చు.

• ఇంటర్ మ్యాథ్స్ ఎట్లనో గట్టెక్కినవాళ్లు పేరు చూసి సీఎస్‌ఎం పెట్టొద్దు. అందులో లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ తప్పవు.

• ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యత చూసే జాతీయ సంస్థ) గుర్తింపు బ్రాంచివారీగా ఇస్తారు. "మా కాలేజీకి ఉంది" అంటే సీఎస్‌ఎం లాంటి కొత్త బ్రాంచికీ ఉన్నట్టు కాదు. ఏ బ్రాంచికో అడగండి.

• కొత్త బ్రాంచిలో పాఠాలు ఎవరు చెప్తున్నారో సీనియర్లను అడగండి. సీఎస్‌ఈ సార్లే రెండుచోట్లా చెప్తుంటే మీకు దక్కేది పేరొక్కటే.

• వరంగల్ నిట్ సీట్లు ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో దొరకవు, అవి జేఈఈ మెయిన్‌తో జోసా (ఐఐటీ, నిట్ సీట్ల ఉమ్మడి కౌన్సెలింగ్) ద్వారా.