రేడియేషన్ మొదలయ్యేలోపే కండ కాపాడుకోండి

నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ వైద్యానికి అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి బెంగళూరు వచ్చేవాళ్లు చాలామంది. అక్కడి కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి ఆవరణలో కాసేపు కూర్చుంటే చాలు, తెలుగు వినిపిస్తుంది. రూము అద్దె, స్కానింగ్ డేట్లు, కార్డు కాగితాలు... టెన్షనంతా వీటి గురించే. తిండి సంగతి మాత్రం నోరు పూశాక గానీ గుర్తురాదు.

రేడియేషన్ మామూలుగా వారానికి 5 రోజుల చొప్పున 6, 7 వారాలు నడుస్తుంది. రెండో వారమో మూడో వారమో నోరు, గొంతు పూసి గుటక మింగడమే కష్టమవుతుంది. తిండి చాలకపోతే ఒళ్లు కొవ్వుతో పాటు కండనూ కరిగించుకుంటుంది. కండ తగ్గినవాళ్లు కీమోను తట్టుకోవడం కష్టమని, వాళ్లలో వైద్యం ఫలితాలు కూడా అంత బాగుండటం లేదని ఎన్నో అధ్యయనాల్లో తేలింది. బక్కచిక్కితే ముఖానికి కొలిచి చేసిన రేడియేషన్ మాస్కు వదులై, మళ్లీ ప్లానింగ్ చేయాల్సి రావచ్చు.

మనిషి లావుగా ఉన్నారని ధీమా పడకండి. కొవ్వు చాటున కండ తగ్గినా పైకి తెలియదు. వారం వారం బరువు చూడండి. చేతి వాచీ మోచేతి వైపు జారుతోందా, కుర్చీలోంచి లేవడానికి మోకాళ్ల మీద చేతులు ఆనిస్తున్నారా అన్నదీ గమనించండి.

ఇక తిండి. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. మనవాళ్లు ప్రేమగా పోసే రాగి జావ గ్లాసులో పడేది రెండు చెంచాల పిండి. అందులో ప్రొటీన్ రెండు గ్రాములు కూడా ఉండదు. కొబ్బరి నీళ్లలో అయితే దాదాపు లేనట్టే. ఒక్క గుడ్డులో 6 గ్రాములుంటుంది. జావ మానొద్దు, నీళ్లకు బదులు పాలతో కాచండి. పెసరపప్పు మెత్తగా ఉడికించి నెయ్యి వేయండి, బాగా ఉడికిన గుడ్డును పెరుగన్నంలో చిదిపి కలపండి. పథ్యమంటూ గుడ్డు, పెరుగు మాన్పించే చుట్టాల మాట దయచేసి వినకండి. కిడ్నీ జబ్బుంటే ఈ లెక్క డాక్టరే చెప్పాలి. షుగరుంటే డైటీషియన్‌ను తప్పక కలవండి.

పళ్ల డాక్టరుకు ముందే చూపించండి. పన్ను తీయాల్సి వస్తే ఆ గాయం మానాకే రేడియేషన్ మొదలుపెడతారు. మింగే వ్యాయామాలు, నోరు తెరిచే వ్యాయామాలు మొదటి రోజు నుంచే నేర్చుకోండి. ఓపికున్నంత వరకు రోజూ నడిపించండి. గుట్కా, బీడీ, మందు పూర్తిగా బంద్.

ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పంపే గొట్టం పెడదామంటే చాలామంది ఇక అంతా అయిపోయిందని ఏడుస్తారు. అది ఓటమి కాదు, కండ నిలబెట్టే దారి. డాక్టరు చెప్పగానే ఒప్పుకోండి, వారాలు సాగదీయకండి. చాలా రోజులు సరిగ్గా తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టడం ప్రమాదం. ఎంతతో మొదలుపెట్టాలో ఆసుపత్రిలోనే అడగండి. తినేటప్పుడు పొలమారుతున్నా, కీమో నడుస్తుండగా జ్వరం వచ్చినా అదే రోజు చూపించండి.

ఆఖరి రేడియేషన్ అయిపోగానే నొప్పి తగ్గదు, ఆ తర్వాత కొన్నాళ్లు ఇంకా ఎక్కువే ఉంటుంది. ఊరికి బస్సెక్కే ముందే నొప్పి మందులు, డైట్ చీటీ, ఇబ్బంది వస్తే ఫోన్ చేయాల్సిన నంబరు చేతిలో ఉంచుకోండి.