కొత్త చెక్క బాట మీద కాలు పెట్టే ముందు

చిత్తడి నేలలో కొత్తగా చెక్క బాట, వాచ్‌టవర్, చాటుగా కూర్చుని పక్షులను చూసే గది తెరిచారంటే మొదటి కొన్ని వారాలు జనం విరగబడతారు. నిన్నటిదాకా గట్టు మీద నుంచి దూరంగా చూసినవాళ్లకు ఇప్పుడు నీళ్ల మధ్యకే దారి దొరికింది. తంటా అంతా అక్కడే. కాలి కింద చెక్క, చేతికి రెయిలింగు ఉండేసరికి పార్కులో తిరుగుతున్నట్టే ఉంటుంది. రెండడుగుల అవతల బురద, పాములు, నీళ్లు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి.

ముందు పాదాల సంగతి. పొడి చెక్క మీద ఏ చెప్పులైనా చెల్లుతాయి. మంచు పడిన ఉదయం, వాన వెలిశాక, చెట్ల నీడ ఆరని మలుపుల్లో కంటికి ఆననంత పల్చటి పాచి సబ్బులా జారుస్తుంది. అరికాలికి గాట్లున్న బూట్లు వేసుకోండి. పలకల మీద మేకుల వరస కనిపిస్తుంది, గమనించండి. కింద దూలం ఉండేది ఆ వరస వెంబడే. ఏదైనా పలక ఊగినట్టనిపిస్తే ఆ వరస మీదే అడుగులేస్తూ వెనక్కి వచ్చి సిబ్బందికి చెప్పండి. జారకుండా కొట్టిన ఇనుప జాలీ అంచు లేచిన చోట బూటు తట్టుకుంటుంది, చూసుకోండి. ఫొటో కోసం రెయిలింగు ఎక్కి కూర్చోవద్దు.

టవర్ మీదికి ఒకేసారి ఎంతమంది ఎక్కవచ్చో బోర్డు మీద రాసి ఉంటే ఆ అంకె దాటనివ్వకండి. అరుదైన పక్షి కనిపించిందని ఎవరో అనగానే అందరూ ఒకే మూలకు ఎగబడతారు, బరువంతా అటే పడుతుంది.

లెన్సు మూత కింద పడిందని బురదలోకి దిగకండి. పైన ఎండి పగుళ్లు వేసిన బురద కూడా కింద మోకాలి లోతు మెత్తగా ఉండొచ్చు. కాలు దిగబడితే గట్టిగా లాగకండి, బురద పట్టు ఇంకా బిగుస్తుంది. వెనక్కి వాలి, బరువును వెడల్పుగా పరిచి, కాలిని చిన్నగా అటూ ఇటూ కదుపుతూ సందులోకి నీళ్లు చేరనివ్వండి, నెమ్మదిగా వదులుతుంది. బూటు పోతే పోనివ్వండి. పక్కనున్నవాళ్లు తామూ దిగకుండా బాట మీద బోర్లా పడుకుని కర్రో, తాడో అందించాలి.

నీళ్లలో కనిపించని ప్రమాదం ఎలుక జ్వరం. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటిలోని లెప్టోస్పైరా బ్యాక్టీరియా చర్మం మీద గీరుకున్న చోటు నుంచి లోపలికి చేరుతుంది. కాళ్ల మీద దెబ్బలుంటే నీళ్లు తగలని కట్టు కట్టుకోండి. లక్షణాలు 2 నుంచి 30 రోజుల్లో ఎప్పుడైనా బయటపడవచ్చు. అప్పటికి ఈ షికారు ఎవరికీ గుర్తుండదు. జ్వరంతో పాటు పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు ఉంటే, చిత్తడి నీళ్లు తగిలాయన్న మాట డాక్టరుకు మీరే చెప్పాలి. నీటి మీద చిక్కటి ఆకుపచ్చ తెట్టు కట్టి ఉంటే పిల్లల్ని చెయ్యి పెట్టనివ్వకండి. అందులో ఉండగల సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవుల విషం నీళ్లు మరిగించినా పోదు.

దోమల మందు రాసుకునేవాళ్లు సన్‌స్క్రీన్ ముందు రాసి, మందు ఆ పైన రాయాలి. డీట్ అనే రసాయనం ఉన్న మందు ప్లాస్టిక్‌ను తినేస్తుంది, అరచేతులు తుడుచుకోకుండా బైనాక్యులర్స్ పట్టుకోవద్దు.

మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే టవర్ దిగేయండి. గోడలున్న భవనంలోకో, కారులోకో వెళ్లి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. పైకప్పు ఒక్కటే ఉన్న షెడ్డు పిడుగు నుంచి కాపాడదు.

ఇక పక్షులు. మనకు బాట కొత్త, వాటికి మనం కొత్త. మేత మానేసి తల నిక్కించిందంటే మీరు ఎక్కువ దగ్గరికొచ్చినట్టే. ఎగిరేదాకా ఆగకుండా అక్కడి నుంచే మెల్లగా వెనక్కి తగ్గండి. గూళ్ల కాలంలో తల్లి లేచిపోతే ఎండకు గుడ్లు పాడైపోతాయి, కాకులు కూడా ఆ అదను కోసమే చూస్తాయి. ఫోన్లో పక్షి కూతలు వినిపించి రప్పించడం ఫొటోగ్రాఫర్లకు సరదా కావచ్చు, నాకైతే అది వేధింపే. చూసే గదిలో గొంతు తగ్గించి మాట్లాడండి, కిటికీ సందులోంచి వేలు చూపించకండి. చచ్చిన పక్షి కనిపిస్తే ముట్టుకోవద్దు. హెచ్‌5ఎన్‌1 బర్డ్ ఫ్లూ అడవి పక్షుల్లోనూ ఉంది. చోటు గుర్తుపెట్టుకుని సిబ్బందికి చెప్పండి.

తిరిగి వచ్చేటప్పుడు బూట్ల గాట్లలోని బురదను అక్కడే బ్రష్‌తో రాల్చేయండి. కలుపు గింజలు, కప్పలను చంపే కైట్రిడ్ ఫంగస్ ఆ బురదతోనే ఇంకో చెరువుకు చేరతాయి. బూట్లు పూర్తిగా ఆరాకే మరోచోటికి వేసుకెళ్లండి.