వామాకు, నల్లద్రాక్షతో ఫొకాచియా: అనంతపురం ఎండలో చేసే పద్ధతి

ఓళిగలకు, అంటే బొబ్బట్లకు, కణకం కలపడం చూసినవాళ్లకు ఫొకాచియా పిండి కొత్తగా ఏమీ అనిపించదు. అదే జారుడు, అదే నూనెలో నానడం. మొదటిసారి నేను ఇంట్లో కలుపుతుంటే అమ్మ వచ్చి గిన్నెలోకి తొంగిచూసి "ఏంది నాయనా ఇట్ల జారిపోతాంది, ఓళిగలకా?" అంది. బ్రెడ్డుకమ్మా అంటే "బ్రెడ్డుకు ఇన్ని నీళ్లా!" అని డబ్బాలోంచి పిడికెడు మైదా తీసి పోయబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఇంట్లో చేసిన ఫొకాచియా గట్టిగా, బిస్కెట్‌లాగా వచ్చిందంటే తొంభై పాళ్లు ఆ పిడికెడు మైదా వల్లే.

ఇది ఇటలీ రొట్టె. జెనోవా ఊరున్న లిగూరియా ప్రాంతంలో దీనికి పేరెక్కువ, అక్కడ వేళ్లతో గుంతలు నొక్కి ఆ గుంతల్లో ఉప్పునీళ్లు, ఆలివ్ నూనె పోసి కాలుస్తారు. ఫొకాచియా అనే పేరు లాటిన్‌లో పొయ్యికి వాడే 'ఫోకుస్' అనే మాట నుంచి వచ్చింది. పండ్లు వేయడం నా సొంత పైత్యం అనుకోకండి. ఇటలీలోనే టస్కనీ ప్రాంతంలో ద్రాక్ష కోతల కాలంలో, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో, ఇలాంటి రొట్టెనే నల్లద్రాక్ష, చక్కెర వేసి కాలుస్తారు, గింజలు కూడా తీయరు. నేను చెప్పేది దాదాపు అదే, కాకపోతే మన ఇంట్లో, మన పెరట్లో దొరికే ఆకుతో.

పది అంగుళాల చదరపు ట్రేకి 400 గ్రాముల మైదా, 300 మిల్లీలీటర్ల నీళ్లు, 3 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ (టీస్పూన్‌కు సమంగా గీసినంత), 8 గ్రాముల ఉప్పు (టీస్పూన్, మీద ఇంకో పావు), పిండిలోకి రెండు టేబుల్ స్పూన్ల నూనె, ట్రేకీ పైనా కలిపి ఇంకో నాలుగు. పైన వేయడానికి 200 గ్రాముల నల్లద్రాక్ష, ఐదారు వామాకులు, చెంచాడు చక్కెర, కొంచెం మిరియాల పొడి, చిటికెడు రాళ్ల ఉప్పు. తూకం మిషన్ ఉంటే నీళ్లు కూడా అందులోనే తూచండి, గ్లాసులతో కొలిస్తే రోజుకో రకంగా వస్తుంది. ఇటలీ పిండితో చేసేవాళ్లు కిలోకి 800 మిల్లీలీటర్ల దాకా పోస్తారు, మన మైదా అంత తాగదు, ముప్పావు వంతు చాలు. గోధుమపిండి కూడా కలపాలని ఉంటే వంద గ్రాముల వరకు మార్చుకుని నీళ్లు ఒక టేబుల్ స్పూన్ పెంచండి. మొత్తం గోధుమపిండితో మాత్రం వద్దు, అది పుల్కా పిండి, ఇలా పొంగదు.

నూనె సంగతి. ఆలివ్ నూనె ఖరీదు అందరికీ తెలిసిందే, కాబట్టి పిండిలోకి, ట్రే అడుగుకి నేను చెనిక్కాయ నూనె వాడతాను, పైన పోసేదానికి మాత్రం ఆలివ్ నూనె. జెనోవావాళ్లు వింటే ఒప్పుకోరు. గానుగ నూనె అయితే సగం సగం కలపండి, లేకపోతే ద్రాక్ష వాసన చెనిక్కాయ వాసన కింద పడిపోతుంది.

ఈస్ట్ దగ్గర నేను ఒక్కసారి దెబ్బతిన్నాను. తెరిచిన ప్యాకెట్టుకు రబ్బర్ బ్యాండ్ వేసి ఏప్రిల్ నెలంతా పొయ్యి పక్కన అరలో పెట్టాను. మూడు గంటలు కాపలా కాసినా పిండి కదల్లేదు, సాయంత్రం దాన్నే గట్టిచేసి పూరీలు చేసుకున్నాం, అవీ అంతంతమాత్రమే. అప్పటినుంచి తెరిచిన ఈస్ట్ మూతగట్టిగా ఉన్న చిన్న సీసాలో, ఫ్రీజర్‌లో. అనుమానం ఉంటే గోరువెచ్చని నీళ్లలో చిటికెడు చక్కెరతో కలిపి పది నిమిషాలు ఆగండి, నురగ వస్తే బతికున్నట్టు. వేడినీళ్లు పోశారో అక్కడే చచ్చిపోతుంది, వేలు పెడితే చురుక్కుమనకూడదు.

కలపడం తేలిక. మైదా, ఉప్పు, ఈస్ట్ వెడల్పు గిన్నెలో కలిపి నీళ్లు, నూనె పోసి గరిటెతో పొడిపిండి కనపడకుండా తిప్పి మూత పెట్టండి. పిసకొద్దు. అరగంట ఆగి, చెయ్యి తడి చేసుకుని, ఒక అంచు కింద వేళ్లు పెట్టి పైకి సాగదీసి మధ్యలోకి మడవండి, గిన్నె కొంచెం తిప్పి మళ్లీ, ఇలా నాలుగు వైపులా. మళ్లీ ఇరవై నిమిషాల మూత. ఇది మూడుసార్లు చేస్తే మొదట బజ్జీల పిండిలా ఉన్నది మూడోసారికి నున్నగా సాగుతుంది, లాగితే పొరలా వచ్చి తెగదు. ఆ మార్పు చూడటానికే ఒక్కోసారి చేయాలనిపిస్తుంది నాకు.

ఇప్పుడు అసలు విషయం, ఎండ. వంటల వీడియోల్లో 'గంటన్నర పక్కన పెట్టండి' అంటారే, ఆ గంటన్నర మన వంటింటిది కాదు. మే నెలలో బయట నలభై దాటి, వంటింట్లో గోడలు కూడా సెగ కక్కుతుంటే నలభై ఐదు నిమిషాలకే పిండి గిన్నె అంచు దాటుతుంది, ఇంకో గంట వదిలేస్తే పుల్లగా అయిపోయి, నడుమ కూలిపోయి, కల్లు వాసన కొడుతుంది. డిసెంబరులో అదే పిండికి రెండు గంటలు కూడా పట్టొచ్చు. అందుకే గడియారం చూడకండి, పిండిని చూడండి. మొదట ఉన్నదానికి రెండింతలై, పైన అక్కడక్కడా బుడగలు కనిపించి, గిన్నె ఊపితే గలగలలాడకుండా జున్నులా కదలాలి. వేసవిలో నేను చేసేది ఇది: ఈస్ట్ సగానికి తగ్గించి, ఫ్రిజ్‌లో పెట్టిన చల్లటి నీళ్లు పోసి కలిపి, మడతలు అయ్యాక నూనె రాసిన డబ్బాలో పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచేస్తాను. పన్నెండు గంటలైనా పద్దెనిమిదైనా పర్వాలేదు, రుచి కూడా ఇలాగే బాగుంటుంది. కరెంటు పోతే మాత్రం మాటిమాటికీ ఫ్రిజ్ తలుపు తీసి చూడకండి.

పండ్లలో ఏది పనికొస్తుంది, ఏది రాదు అనేది నేను కొన్ని ట్రేలు పాడుచేసుకుని నేర్చుకున్నాను. నల్లద్రాక్ష అన్నిటికన్నా మేలు. తాజా అంజూర దొరికితే రెండుగా కోసి, కోసిన వైపు పైకి పెట్టండి, అదీ బాగుంటుంది. బనగానపల్లె మామిడి కొంచెం గట్టిగా ఉన్నప్పుడు పల్చటి ముక్కలుగా కోసి, కారం చల్లి వేయొచ్చు, బాగా మగ్గిందైతే నీళ్లు వదిలి పిండి ఉడికీ ఉడకనట్టు అవుతుంది. మన దగ్గర చీనీకాయలకు కొదవలేదు కదా అని తొనలు పెట్టి చూశాను, పైపొర ఎండిపోయి చేదెక్కింది. దానిమ్మ గింజలు పొయ్యిలోకి వద్దు, కాలితే గట్టిపడతాయి, దించాక చల్లుకోండి. బొప్పాయి, అనాస ఉడికించకుండా పెట్టకండి, వాటిలో మాంసాన్ని మెత్తబరిచే ఎంజైమ్‌లు ఉంటాయి, పిండి పొంగేలోపే దాని పట్టు తీసేస్తాయి.

ఆకుల్లో రోజ్‌మేరీ అంటారు అందరూ. నేను కుండీలో పెట్టిన మొక్క ఒక్క ఏప్రిల్ కూడా దాటలేదు. వామాకు మాత్రం నీళ్లు పోయడం మర్చిపోయినా బతుకుతుంది, బజ్జీలకు ఎలాగూ పెంచుకుంటాం, పైగా ఓరెగానోకు ఆ ఘాటు ఇచ్చే కార్వక్రాల్ అనే పదార్థం దీనిలోనూ ఉంటుంది కాబట్టి ద్రాక్ష తీపికి బాగా అమరుతుంది. ఆకు మందం, నీరు ఎక్కువ, అలాగే వేస్తే వాడి నల్లబడుతుంది. సన్నగా తరిగి, పైన పోయబోయే ఆలివ్ నూనెలో పావుగంట నానబెట్టండి. ఎండిన రోజ్‌మేరీ ప్యాకెట్టు వాడినా ఇలాగే నానబెట్టాలి, లేకపోతే పుల్లలు నమిలినట్టు ఉంటుంది. సబ్జా మొక్క ఉంటే దాని ఆకులు, అది ఇటలీవాళ్ల బాసిల్ జాతే, కాలిన తర్వాత తుంచి వేసుకోవాలి. పుదీనా కూడా అంతే.

ట్రేకి రెండు చెంచాల నూనె పోసి, పిండిని గాలి పోకుండా అందులోకి జార్చి, వేళ్లతో మెల్లగా పరచండి. వెనక్కి ముడుచుకుంటోందంటే పది నిమిషాలు వదిలేయండి, దానంతటదే వింటుంది. ఫ్రిజ్ పిండి అయితే గంటసేపు బయట ఉంచాలి. పొంగాక ద్రాక్షలో చక్కెర, మిరియాల పొడి కలిపి పైన పరిచి, వామాకు నూనె పోసి, చేతివేళ్లకు నూనె పట్టించి హార్మోనియం మెట్లు నొక్కినట్టు పైనుంచి కిందికి, ట్రే అడుగు తగిలేదాకా గుచ్చండి. చుట్టూ బుడగలు లేస్తాయి, వాటిని పగలగొట్టకండి. ద్రాక్షపళ్లను గుంతల్లోకి లోతుగా నొక్కండి, పైన తేలినవి మాడతాయి. చివర్లో రాళ్ల ఉప్పు చిటికెడు.

ఓటీజీని, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌ను, 230 డిగ్రీల దగ్గర కనీసం పావుగంట వేడెక్కించి, ట్రేను కింది అరలో పెట్టండి. ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలు. పదిహేనో నిమిషం దగ్గర ద్రాక్ష పగిలి ఊదారంగు రసం గుంతల్లోకి దిగి, అంచుల్లో నూనె సన్నగా చిటపటమంటుంది, అప్పుడే తీసేయాలనిపిస్తుంది, తీయకండి. అట్లకాడతో ఒక మూల ఎత్తి చూస్తే అడుగు బాగా కాలిన దోసె రంగులో ఉండాలి. పైన రంగు వచ్చి అడుగు తెల్లగా ఉంటే కింది కాయిల్ మాత్రమే పెట్టి ఇంకో ఐదు నిమిషాలు.

ఓటీజీ లేనివాళ్లు మందపాటి ఇనుప మూకుడులో నూనె రాసి, పిండి పల్చగా పరిచి, మూత పెట్టి, పెనం మీద ఆ మూకుడు పెట్టి సన్నమంటపై చేయొచ్చు. పైన రంగు రాదు, తిప్పి కాల్చాలి, కాబట్టి అందులో పండ్లు వద్దు, ఉల్లిపాయ, వామాకు చాలు.

కాలిన వెంటనే ట్రేలోంచి తీసి జాలీ మీద పెట్టండి, ట్రేలోనే వదిలేస్తే ఆవిరికి అడుగు మెత్తబడుతుంది. పావుగంట ఆగి కోయండి, లోపల ద్రాక్షరసం నాలుక కాలేంత వేడిగా ఉంటుంది. ద్రాక్ష వేసింది ఆ రోజే తినేయాలి. మిగిలితే తర్వాతి రోజు దోసె పెనం మీద, నూనె లేకుండా, అడుగు వైపు రెండు నిమిషాలు. పండ్లు లేకుండా చేసింది మిగిలితే అమ్మ దాన్ని చెనిక్కాయ పచ్చడితో తింటుంది, ఇప్పుడు నన్ను పిండి ఎప్పుడు కలుపుతావని అడిగేది కూడా ఆమే.