టైల్స్ మొదటి వరుస గట్టు మీద నుంచి వద్దు

వంటగది గోడకు సొంతంగా టైల్స్ వేసుకునేవాళ్ళు మామూలుగా గట్టుకు ఆనించి మొదటి వరుస పెట్టేస్తారు. నేనూ అలాగే చేశాను. ఆ మూల నుంచి ఈ మూలకు వచ్చేసరికి గట్టు 6 మిల్లీమీటర్లు దిగింది, నాలుగో వరుసకల్లా గీతలన్నీ వంకర. సగం గోడ ఊడదీయాల్సి వచ్చింది.

ముందు రసమట్టం పెట్టి గట్టు ఎక్కడ బాగా పల్లంగా ఉందో చూడండి. అక్కడి నుంచి ఒక టైల్ ఎత్తు, దాని కింది, పై సందులు కలిపి కొలిచి, గోడంతా మట్టంగా గీత గీయండి. ఆ గీత వెంట తిన్నటి చెక్క బద్ద బిగించి, దాని మీద రెండో వరుస నుంచి పైకి కట్టుకుంటూ వెళ్ళండి. మర్నాడు బద్ద తీసేసి, అడుగు వరుసను కొలతకు కోసి పెడితే సరిపోతుంది. వంకర ఏమన్నా ఉంటే ఆ కోతలోనే కలిసిపోతుంది.

ఇంకోటి, మొదటి రెండు మూడు టైల్స్ అంటించగానే ఒకదాన్ని ఊడదీసి వెనక చూడండి. గమ్ము అంతటా అంటి ఉండాలి. మధ్యలో మచ్చలా ఉంటే ఆ టైల్ తడితే డొల్లగా మోగుతుంది, తర్వాత మేకు కొట్టినా పగులుతుంది. దీనికి బద్ధకించొద్దు, ప్లీజ్.

గట్టుకీ టైల్‌కీ మధ్య సందులో మాత్రం గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపే సిమెంటు ముద్ద) కాదు, సాగే సిలికాన్ నింపండి. గట్టు కొంచెం కదిలినా గ్రౌట్ చీలి, నీళ్ళు లోపలికి దిగుతాయి.