పాత సుమో ఇంజిన్ ఇంటి దగ్గరే దించడం ఎలా?

బండి నల్లపొగ కక్కుతోంది, ఆయిల్ తాగేస్తోంది, బోరింగ్ (అరిగిన సిలిండర్లని లోపల కోసి సరిచేయడం) చేయించాలన్నారు, సరే. ఇంజిన్ దించడానికి మాత్రం షెడ్డుకు తోలక్కర్లేదు, ముఖ్యంగా 1994లో వచ్చిన టాటా సుమో లాంటి పాత బండి అయితే. 1948 సీసీ డీజిల్ ఇంజిన్, బండి పొడవునా కూర్చుని ఉంటుంది, దాని వెనక గేర్ బాక్స్, అంతే, కంప్యూటర్ల గొడవ లేదు. అయినా జనం పాడు చేస్తూనే ఉంటారు, అదీ ఎప్పుడూ ఒకే చోట. ఆ చోటికి వస్తాను.

సామాన్లు: 1 టన్ను చైన్ బ్లాక్ (గొలుసు లాగి బరువు ఎత్తే కప్పీ), ఇనప దూలం గానీ మూడు కాళ్ల స్టాండు గానీ, రెండు జాకీలు, పానాలు, పొడవాటి రాడ్లున్న సాకెట్లు, ఒక పాత టైరు. వేపకొమ్మకి కట్టి లాగినవాళ్లని చూశాను, ఆ రోజు కొమ్మ ఆగింది, ప్రతిసారీ ఆగుతుందని లేదు. స్లాబులో ఫ్యాను కోసం వేసిన కొక్కెం జోలికైతే అసలు పోవద్దు.

బండిని గట్టి నేల మీద నిలిపి వెనక చక్రాలకి రాళ్లు పెట్టండి. చల్లారాక బ్యాటరీ మైనస్ వైరు ముందు విప్పి, తర్వాత ప్లస్. నీళ్లు, ఆయిల్ దించేసి బానెట్, ముందు జాలీ, రేడియేటర్, ఫ్యాను తీసేయండి. డీజిల్ పైపులు, యాక్సిలరేటర్ కేబుల్, బ్రేకు బూస్టర్‌కి పోయే వాక్యూమ్ పైపు, సైలెన్సర్ పైపు, సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్ వైర్లు అన్నీ విప్పాలి. ఛాసిస్‌కి పోయే ఎర్త్ వైరు అందరూ మర్చిపోతారు, మీరూ మర్చిపోతారు, ఇప్పుడే చూసుకోండి.

వైర్లకి ఫోన్‌లో ఫొటోలు చాలంటారు. చాలవు. టేపు చుట్టి నంబర్లు రాయాల్సిందే. నెల తర్వాత ఇంజిన్ తిరిగొచ్చాక ఆ ఫొటోల్లో కనిపించేది మసీ, మీ బొటనవేలూ.

ఇప్పుడు అసలు సంగతి, గేర్ బాక్స్ నుంచి ఇంజిన్‌ని విడదీయడం. గేర్ బాక్స్‌తో కలిపి లేపేస్తే సులువని కొందరంటారు. అంత పొడుగు సరుకుని ఏటవాలుగా లాగడానికి షెడ్డులో నలుగురుంటారు, ఇంట్లో మీరూ మీ బావమరిదీ. గేర్ బాక్స్ బండిలోనే ఉండాలి, నా దగ్గర ఇది రూలు.

గేర్ బాక్స్ షాఫ్ట్ క్లచ్ ప్లేట్ మధ్యలోంచి దూరి, దాని కొస క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనక ఉన్న చిన్న బేరింగులో కూర్చుంటుంది. ఇంజిన్ ఒక్క క్షణం ఆ షాఫ్ట్ మీద వేలాడినా క్లచ్ ప్లేట్ వంకర పోతుంది, పైకి మాత్రం ఏమీ కనిపించదు. నేర్చుకునే రోజుల్లో నేనూ అలాగే చేశాను. అంతా బిగించి స్టార్ట్ చేస్తే క్లచ్ తొక్కినా విడవదు, గేరు వేస్తే కరకర. మళ్లీ మొత్తం దించాను.

అందుకని బోల్టులు ముట్టుకోకముందే గేర్ బాక్స్ కింద చెక్కముక్క వేసి జాకీ ఆనించండి. ఇంజిన్‌కి ఉన్న లిఫ్టింగ్ హుక్కులకే గొలుసు తగిలించి బిర్రుగా లాగండి, మ్యానిఫోల్డ్‌కి (ఇంజిన్ పక్కన గాలి, పొగ పోయే గొట్టాల గుత్తికి) కాదు. అప్పుడు ఇంజిన్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే మౌంటింగ్ బోల్టులు, ఆ తర్వాతే బెల్ హౌసింగ్ (గేర్ బాక్స్ ముందు, క్లచ్‌ని కప్పి ఇంజిన్‌కి బిగిసే గంట లాంటి డొప్ప) బోల్టులు. ఒక అట్టముక్క మీద బెల్ హౌసింగ్ బొమ్మ గీసి, వచ్చిన బోల్టుని వచ్చిన చోటే గుచ్చండి, ఏది మిగిలిందో తెలుస్తుంది. పైన డ్యాష్ వైపు మడ్డిలో దాక్కున్న బోల్టులే ఎక్కువగా మిగిలిపోతాయి.

ఇక ఇంజిన్‌ని నెమ్మదిగా ముందుకి లాగండి, పైకి కాదు. రెంటి మధ్య సందు పైనా కిందా ఒకేలా తెరుచుకోవాలి. పైన ఎక్కువ తెరుచుకుంటే ఇంజిన్ ముందు భాగం వాలిపోతోందని అర్థం, గొలుసు సరిచేయండి, కింద ఎక్కువైతే దానికి ఎదురు. రావట్లేదా? బోల్టు మిగిలిందేమో చూడండి, జాకీ ఒక చుట్టు ఎక్కించి దించి చూడండి, ఇంజిన్‌ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా ఊపండి. గడ్డపలుగు దూర్చి తన్నొద్దు, అల్యూమినియం హౌసింగ్ చిట్లితే బోరింగ్ ఖర్చు కంటే అదే ఎక్కువ ఏడిపిస్తుంది. సందులో వేళ్లు పెట్టొద్దు, గొలుసుకి వేలాడుతున్న దాని కిందకి ఎవరూ, ఎందుకూ పోవద్దు.

షాఫ్ట్, క్లచ్ ప్లేట్‌ని నొక్కి పట్టే ప్రెజర్ ప్లేట్ దాటి పూర్తిగా బయటికి వచ్చిందని టార్చ్ వేసి కళ్లతో చూశాకే పైకి ఎత్తండి. ఎత్తి, బండిని వెనక్కి నెట్టేద్దామని కొందరికి తొందర, కానీ అప్పుడు గేర్ బాక్స్ కింద జాకీ ఉందని మర్చిపోతారు. స్టాండుకి చక్రాలుంటే ఇంజిన్‌నే ముందుకి జరిపి టైరు మీద దించండి, లేకపోతే ముందు గేర్ బాక్స్‌ని ఛాసిస్‌కి గట్టిగా కట్టి, జాకీ తీసి, రాళ్లు తీసి, అప్పుడు నెట్టండి. తెరిచి ఉన్న బెల్ హౌసింగ్‌కి పాలిథిన్ కవరు కట్టేయండి, రాత్రికి ఎలకలు దూరతాయి.