కోబ్రా కిట్ కారు: ఎండలు ముదిరేలోగా చూసుకోవాల్సినవి

టెక్సాస్‌లో ఎండలు మొదలవుతున్నాయి. గ్యారేజీలో కోబ్రా రెప్లికా (పాత కోబ్రా స్పోర్ట్స్ కారుకి నకలు, విడిభాగాల కిట్ కొని మనమే బిగించుకునేది) కట్టుకుంటున్నవాళ్లు కార్పెట్ అతికించకముందే ఇవి చూసుకోండి. తర్వాతైతే అంతా పీకాలి.

• ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే అడ్డుగోడ) సందులు. అన్నిటికన్నా ముందు ఇదే. వైర్లు, స్టీరింగ్ షాఫ్ట్ వచ్చే రంధ్రాల్లోంచి వేడితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా లోపలికి రావచ్చు. దానికి వాసన ఉండదు, ప్రాణానికే ముప్పు. రాత్రి గ్యారేజీ లైట్లు ఆర్పి, ఇంజిన్ వైపు టార్చ్ పెట్టి, పెడల్స్ దగ్గర తల వంచి చూడండి. అన్నీ మూసేశాననుకున్నాక కూడా నాకు షాఫ్ట్ చుట్టూ సన్నటి వెలుగు గీత కనిపించింది. అక్కడ సీలెంట్ పనికిరాదు, రబ్బరు బూట్ వేయాలి.

• పెట్రోల్, బ్రేక్ పైపులు హెడర్స్‌కి (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే వేడి గొట్టాలు) దూరంగా జరపండి. కుదరకపోతే హీట్ స్లీవ్ తొడగండి. బ్రేక్ ఆయిల్ మరిగిందంటే పెడల్ నేలకి తగులుతుంది, బండి ఆగదు.

• మెరిసే హీట్ షీల్డ్‌ వెనక కాస్త గాలి సందు వదలండి. ఫుట్‌బాక్స్ (కాళ్లు పెట్టుకునే చోటు) రేకుకి ఆనితే వేడి నేరుగా కాళ్లకే వస్తుంది.

• హీటర్ ఉంటే వాల్వ్ పూర్తిగా మూసుకుంటోందా? లేకపోతే ఫ్యాన్ ఆపినా లోపల వేడినీళ్లు తిరుగుతూనే ఉంటాయి.

• తారు కలిసిన సౌండ్ షీట్లు వద్దు. వేడికి మెత్తబడి కంపు కొడతాయి. బ్యూటైల్ రబ్బరువి కొనండి.

• సైడ్ పైపుల (తలుపుల కింద పక్కగా వెళ్లే పొగ గొట్టాలు) సంగతి పక్కన కూర్చునేవాళ్లకి ఎక్కకముందే చెప్పండి. దిగేటప్పుడు పిక్క కాలుతుంది.